ఖాట్మండులో అమ్మానాన్నలతో నాలుగు రోజులు

ప్రశ్న: దోహాలో ఈమధ్యే చేరాను. నాలుగు రోజుల సెలవుంది. విజయనగరం నుంచి అమ్మానాన్నలను ఖాట్మండు రప్పించి అక్కడే కలిసి తిరగాలని ఉంది. ఏం చూడాలి? కాగితాలేం కావాలి?

జవాబు: ముందు కాగితాల సంగతి. వీసా అక్కర్లేదన్న మాట విని ఆధార్ పట్టుకుని ఢిల్లీ దాకా వెళ్లి కౌంటర్ దగ్గర ఆగిపోయేవాళ్లున్నారు. విమానంలో వెళ్లే భారతీయులకు పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. 65 దాటినవాళ్లకు, 15 లోపు పిల్లలకు మాత్రమే ఆధార్ చెల్లుతుంది. ఓటరు కార్డులో ఇంటిపేరు ఒకలా, టికెట్‌లో ఒకలా ఉండడం మనవాళ్లకు మామూలే. కార్డు ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసి టికెట్ తీయండి. మీరు మూడో దేశం నుంచి వస్తున్నారు కాబట్టి మీకు పాస్‌పోర్టే కావాలి, తిరుగు ప్రయాణానికి ఖతార్ ఐడీ చూపాలి. పనిలో పనిగా వాళ్లను అక్కణ్ణుంచే దోహా తీసుకుపోదాం అనుకోకండి. ఇండియా నుంచి వచ్చి నేపాల్‌లో గల్ఫ్ విమానం ఎక్కేవాళ్లను అక్కడి మన ఎంబసీ ఇచ్చే ఎన్‌ఓసీ అడుగుతారు.

దసరా సెలవులకు పెట్టుకోవద్దు. వాళ్ల దశైం కూడా అప్పుడే. దోహా విమానాలన్నీ ఇళ్లకెళ్లే నేపాలీలతో నిండిపోతాయి, ఊళ్లో సగం షాపులు మూసేస్తారు. పైగా విజయనగరంలో సిరిమాను జాతర వదిలి అమ్మ బయల్దేరుతుందా? నవంబరు మేలు, కొండలు తేటగా కనిపిస్తాయి.

మన వందకు నేపాలీ నూట అరవై. 1993 నుంచీ ఇదే లెక్క, 'ఈరోజు రేటు వేరు' అంటే నమ్మకండి. ధర చెప్పగానే ఐసీయా, ఎన్‌సీయా అని అడగండి. ఐసీ అంటే మన రూపాయి. వంద నోట్లు ఎక్కువగా తెప్పించుకోండి.

పశుపతినాథ్‌కు పొద్దున్నే వెళ్లాలి. తోలు బెల్టు, తోలు పర్సు లోపలికి రానివ్వరు, గదిలోనే వదిలేయండి. గుళ్లో ఫొటోలు తీయకూడదు. శ్రీముఖలింగం చూసిన పెద్దవాళ్లకు ఇక్కడి నాలుగు ముఖాల లింగం బాగా నచ్చుతుంది. నాలుగు దిక్కులా ద్వారాలున్నాయి. గర్భగుడిలో పూజ చేసే భట్టులు దక్షిణాది నుంచి, ముఖ్యంగా కర్ణాటక నుంచి వచ్చినవాళ్లు. పక్కనే బాగమతి ఒడ్డున చితులు కాలుతుంటాయి, అమ్మకు ముందే చెప్పి ఉంచండి. బయట అమ్మే ఏకముఖి రుద్రాక్షల జోలికి పోవద్దు.

ఆ సాయంత్రం బౌద్ధనాథ్ చాలు. స్తూపం చుట్టూ చదునే, కుడిచేతి వైపు స్తూపం ఉండేలా తిరగాలి. కొండమీది స్వయంభూ స్తూపానికి తూర్పు వైపు 365 మెట్లు. మోకాళ్ల నొప్పులుంటే టాక్సీని పడమటి వైపు దారిలో పోనివ్వమనండి. టాక్సీవాళ్లు మీటరు వేయరు, పఠావో యాప్‌లో ధర చూసుకుని బేరమాడండి.

ఒక రోజంతా భక్తపూర్‌కే ఇవ్వండి. ఖాట్మండుకు తూర్పున 13 కిలోమీటర్లు. ఖాట్మండు పక్కనే ఉన్న మరో పాత ఊరు పటాన్‌నూ అదే రోజులో ఇరికిస్తే రెండూ దక్కవు. 1702లో కట్టిన న్యాతపోల గుడి అయిదంతస్తులూ 2015 భూకంపానికి నిలబడ్డాయి. మెట్లకు ఇరువైపులా కింద మల్లులు, వాళ్లపైన ఏనుగులు, ఆపైన సింహాలు... ఒక్కో జంటకు కింది జంట కంటే పదింతల బలమట. పైకెక్కలేకపోతే కింద అరుగు మీద కూర్చుని చూసినా సరిపోతుంది. మట్టి ముంతలో పోసే జుజు ధౌ అనే గడ్డపెరుగు తినకుండా రాకండి. టికెట్ దగ్గర భారతీయులకు ధర తక్కువ, ఐడీ జేబులో ఉంచుకోండి.

మిగిలిన పూట బుఢానీలకంఠ వెళ్లండి. కోనేట్లో శేషుడిపై పడుకున్న విష్ణుమూర్తి, ఒకే నల్లరాయి, దాదాపు అయిదు మీటర్ల పొడవు.

తిండికి ఇబ్బంది లేదు, దాల్‌భాత్ మన పప్పన్నమే. మోమోల దగ్గరే జాగ్రత్త. మెనూలో 'బఫ్' అని ఉంటే గేదెమాంసం, అడిగి మరీ తీసుకోండి. అమ్మ ఆవకాయ తెస్తుంటే చెకిన్ పెట్టెలో పెట్టమనండి, చేతిబ్యాగులో ఉంటే సెక్యూరిటీవాళ్లు తీసేస్తారు.