వార్నింగ్ ఒకచోట, దెబ్బ ఇంకోచోట

ప్రశ్న: రొయ్యల కొనుగోలు లెక్కలు చూసే పాత జావా ప్రోగ్రాము నా చేతికొచ్చింది. లాట్లను కౌంటు వారీగా పేర్చే ట్రే<టి> అనే క్లాసులో లోపల అర్రే వాడారు. కంపైల్ చేస్తే ‘అన్‌చెక్డ్ ఆర్ అన్‌సేఫ్ ఆపరేషన్స్’ అని వస్తుంటే క్లాసు నెత్తిన సప్రెస్‌వార్నింగ్స్ (వార్నింగులు చూపించొద్దని చెప్పే గుర్తు) పెట్టాను. ఇప్పుడు బిల్లు ప్రింటు చేసే లైన్లో క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్! ఆ లైన్లో నేను కాస్టే (ఒక వస్తువును ఫలానా టైపుగా చూడమనే ఆదేశం) రాయలేదు.
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: మీరు రాయలేదు, కంపైలరు రాసింది. 2004లో జావా 5తో జెనరిక్స్ (లోపల ఏ టైపు ఉండాలో ముందే చెప్పే వసతి) తెచ్చినప్పుడు, పాత కోడు చెడకూడదని కంపైలయ్యాక టైపు వివరం చెరిపేసే పద్ధతి పెట్టారు. అందుకే లిస్ట్<లాట్> లోంచి ఏది తీసినా మధ్యలో కంపైలరే ఒక కాస్ట్ ఇరికిస్తుంది. ఎక్కడో లోపలి టైపు చెప్పకుండా ఉత్త ‘లిస్ట్’ అని రాసిన చోట స్ట్రింగో మరొకటో దూరి ఉంటుంది. దూరేటప్పుడు చప్పుడుండదు, తీసేటప్పుడు పేలుతుంది. వార్నింగ్ చూపించింది ఆ దూరే చోటునే.

ముందు క్లాసు మీద పెట్టింది పీకేయండి. జావా కంపైలరు జావాసీకి -ఎక్స్‌లింట్:అన్‌చెక్డ్,రాటైప్స్ ఇస్తే లైను నంబర్లతో సహా చెబుతుంది. మామూలుగా 100 వార్నింగులతో ఆపేస్తుంది కాబట్టి -ఎక్స్‌మాక్స్‌వార్న్స్ 1000 కూడా తగిలించండి. మెయిన్ నుంచి కాకుండా, అందరూ వాడుకునే అడుగు క్లాసు నుంచి దిద్దుకురండి.

లాట్ క్లాసులో ఉత్త కంపేరబుల్ (పోల్చి పేర్చడానికి వాడేది) ఉంటే కంపేరబుల్<లాట్> చేసి, కంపేర్‌టూకి ఆబ్జెక్ట్ బదులు లాట్ ఇవ్వండి. లోపలి కాస్ట్ ఎగిరిపోతుంది. (30 కౌంటంటే కిలోకి 30 రొయ్యలు; అంకె తగ్గేకొద్దీ సరుకు పెద్దది. వరస తిరగబడితే ఏ కంపైలరూ చెప్పదు.)

అసలు చిక్కు అర్రేతోనే. టి అంటే వాడేటప్పుడు ఏ టైపైనా వచ్చే ఖాళీ పేరు కదా, న్యూ టి[] రాయనివ్వదు. అందుకని న్యూ ఆబ్జెక్ట్[] చేసి టి[]కి కాస్ట్ చేస్తారు. టికి హద్దేమీ లేకపోతే, ఆ అర్రే ప్రైవేటుగా ఉన్నంతవరకు నడుస్తుంది. దాన్నే రిటర్న్ చేస్తే, లాట్[] అనుకుని అందుకున్నవాడి దగ్గర పగులుతుంది. మీరు పేర్చాలి కనక ‘టి ఎక్స్‌టెండ్స్ కంపేరబుల్<టి>’ అని హద్దు పెట్టారనుకోండి, చెరిపాక టి కాస్తా కంపేరబుల్ అవుతుంది. అప్పుడు న్యూ ఆబ్జెక్ట్[] పెడితే ఆ లైన్లోనే పడిపోతుంది, న్యూ కంపేరబుల్<?>[] పెట్టాలి. నన్నడిగితే అర్రే తీసేసి అర్రేలిస్ట్<టి> పెట్టుకోండి, ఈ గొడవే ఉండదు.

అర్రే తప్పనిసరైతే ఆ ఒక్క కాస్ట్‌కే సప్రెస్‌వార్నింగ్స్ పెట్టండి. అసైన్‌మెంట్ లైను మీద పెట్టనివ్వదు. లోకల్ వేరియబుల్ ఒకటి ప్రకటించి దాని మీద పెట్టి, ఆ తర్వాత ఫీల్డుకి ఇవ్వండి. ఎందుకు భద్రమో పక్కనే ఒక లైను కామెంటు రాయండి. అంతా దిద్దాక -వెర్రర్ ఇస్తే, కొత్త వార్నింగు వచ్చినప్పుడు బిల్డే ఆగిపోతుంది.

ప్రశ్న: లిస్ట్<పండు> అడిగే మెథడ్‌కి లిస్ట్<కొబ్బరి> ఇస్తే ఎందుకు ఒప్పుకోదు?
– ఒక విద్యార్థిని, అమలాపురం

జవాబు: ఒప్పుకుంటే ఆ మెథడ్ మీ కొబ్బరికాయల రాశిలో మామిడికాయ వేసేయగలదు. చదవడమే పనైతే లిస్ట్<? ఎక్స్‌టెండ్స్ పండు> అని రాయండి. వేయడమే పనైతే లిస్ట్<? సూపర్ కొబ్బరి>.