భోగాపురం స్థలం తర్వాత, ముందు బ్యాంకులో ఆరు నెలల ఖర్చు

ప్రశ్న: మాది గాజువాక. నాకు 39 ఏళ్లు. ప్రైవేటు పాఠశాలలో పాఠాలు చెబుతాను, జీతం 22 వేలు. మా వారు పరవాడలో ఒక ఫార్మా కంపెనీలో పనిచేస్తారు, చేతికి 58 వేలు వస్తాయి. ఇద్దరు పిల్లలు. మా అమ్మకు ఉన్న పాలీసిస్టిక్ లివర్ వ్యాధే నాకూ వచ్చిందని రెండేళ్ల కిందట స్కానింగులో తేలింది. కాలేయం నిండా నీటితిత్తులు, వాటిలో ఒకటి బాగా పెద్దది. ప్రస్తుతానికి కనిపెట్టి ఉంటే చాలని, ఇబ్బంది పెరిగితే పెద్ద తిత్తిలోని నీరు తీయవచ్చని, ఇంజెక్షన్లు, ఆపరేషన్, చివరికి కాలేయ మార్పిడి కూడా ఉన్నాయని డాక్టరు చెప్పారు. అప్పు చేసైనా ఇప్పుడే ఆపరేషన్ చేయించుకోవడం మంచిదా? కంపెనీ గ్రూపు బీమా 5 లక్షలు ఉంది. బ్యాంకులో 1.10 లక్షలు ఉన్నాయి. నెలకు 10 వేల చొప్పున 50 నెలల చీటీలో 32 నెలలు కట్టాం. ఇంటి రుణం ఈఎంఐ 19 వేలు. నూటికి రూపాయిన్నర వడ్డీకి 8 లక్షలు తెచ్చి భోగాపురం వైపు స్థలం కొంటే, మార్పిడి అవసరమైనప్పుడు అమ్ముకోవచ్చని మా వారంటున్నారు. జబ్బు సంగతి రాయకుండా కొత్త పాలసీ తీసుకోమని ఏజెంటు చెబుతున్నారు.

జవాబు: ఏ చికిత్స, ఎప్పుడు అన్నది మీ డాక్టరు తేల్చాలి. అయితే కనిపెట్టి ఉంటే చాలని డాక్టరే చెప్పినప్పుడు అప్పు చేసి ఆపరేషన్‌కు పరుగెత్తడం దేనికి? ఈ వ్యాధిలో చాలామందికి కాలేయం పనితీరు మామూలుగానే ఉంటుంది. బాధ పెట్టేది తిత్తుల పరిమాణం. ఆపరేషన్ చేసి తిత్తులను తెరిచినా కొందరిలో అవి మళ్లీ పెరుగుతాయి. ముందు చేయించుకున్న పెద్ద కోతలు తర్వాత మార్పిడిని కష్టం చేయవచ్చు కూడా. మార్పిడి దాకా వెళ్లేవారు కొద్దిమందే. మనసు కుదుటపడకపోతే విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ గ్యాస్ట్రో విభాగంలో మరో అభిప్రాయం తీసుకోండి.

అంటే మీకు వ్యవధి ఉంది. నాకు వచ్చే ఉత్తరాల్లో పదేపదే కనిపించే తప్పు, ఈ వ్యవధిని కూడబెట్టడానికి కాక అప్పు చేయడానికి వాడుకోవడం. మీ ఇంట్లో ఆ తప్పు స్థలం రూపంలో వచ్చింది.

8 లక్షలకు రూపాయిన్నర వడ్డీ అంటే నెలకు 12 వేలు, ఏడాదికి 1,44,000. ఇందులో అసలు రూపాయి కూడా తీరదు. ఈఎంఐ 19 వేలు, చీటీ 10 వేలు, ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు కలిపి మీకు నెలకు 62 వేల దాకా అవుతుందని అనుకుంటే మిగిలేది 18 వేలు. అందులో 12 వేలు వడ్డీ వ్యాపారికి పోతాయి. మూడేళ్లలో వడ్డీయే 4.32 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చు పక్కన పెట్టినా, ఆ స్థలం 12.32 లక్షలకు పైగా పలికితేనే మీకు రూపాయి లాభం. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి అమ్మే లేఅవుట్లలో కొన్నవాళ్లు వేలమంది ఉన్నారు. అవసరం పడిన నెలలోనే, అడిగిన ధరకే అమ్మగలిగినవాళ్లు ఎందరో మీ వారినే లెక్కపెట్టి చెప్పమనండి. జబ్బు ఖర్చుకు భూమి మీద పందెం కాయడం, అదీ అప్పు తెచ్చి, నాకు ఏ కోణంలోనూ మింగుడుపడదు.

ఈ వ్యాధిలో హఠాత్తుగా వచ్చేది మార్పిడి కాదు. తిత్తిలో ఇన్‌ఫెక్షన్ చేరి చలిజ్వరం రావడం, తిత్తి లోపల రక్తస్రావమై నొప్పి పుట్టడం వంటివి. రాత్రి పదకొండింటికి అడ్మిషన్ కౌంటర్లో ముందు అడ్వాన్సు కట్టమంటారు, బీమా సంస్థ నుంచి నగదురహిత చికిత్సకు అనుమతి తర్వాత వస్తుంది. అప్పుడు కావలసింది కార్డు గీస్తే వచ్చే డబ్బు. సేల్ డీడు చూపిస్తే ఆ కౌంటర్ దగ్గర ఎవరూ తీసుకోరు.

కాబట్టి మొదటి పని అత్యవసర నిధి. ఆరు నెలల ఖర్చు, ఈఎంఐతో సహా, అంటే 3.75 లక్షలకు తక్కువ కాకుండా ఉండాలి. దానికి అదనంగా వైద్యానికే మరో 3 లక్షలు. బ్యాంకులో ఉన్న 1.10 లక్షలను ఇవాళే ఇద్దరిలో ఎవరైనా తీయగలిగే జాయింట్ ఖాతాకు మార్చండి. మిగిలే 18 వేలలో 15 వేలు జీతం పడిన రోజే దానికి వెళ్లాలి. చీటీని ఇప్పుడు నష్టానికి పాడవద్దు. మిగిలిన 18 నెలలూ కట్టి, చివర్లో వచ్చే మొత్తాన్ని ఎక్కడికీ కదలనివ్వకుండా ఇందులోకే తేండి. అప్పటికి నెలవారీ జమ 2.70 లక్షలు, చీటీ సుమారు 5 లక్షలు, ఇప్పటి సొమ్ము కలిపితే 8 లక్షలు దాటుతుంది. పైసా వడ్డీ లేకుండా.

ఈ నిధి లేకపోతే బీమా ఉన్నా ఇబ్బందే. మీ వారి గ్రూపు పాలసీ కాగితం తెప్పించుకుని గది అద్దె వరుస చూడండి. రోజుకు బీమా మొత్తంలో ఒక శాతం అని ఉంటే మీ పరిమితి 5 వేలు. 8 వేల గదిలో చేరితే అద్దెలో తేడా మాత్రమే కాదు, డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీల వంటివీ అదే నిష్పత్తిలో కోస్తారు. అలాంటి బిల్లు 2 లక్షలయితే వచ్చేది 1.25 లక్షలే. ఇక ఆక్ట్రియోటైడ్, లాన్‌రియోటైడ్ వంటి నెలవారీ ఇంజెక్షన్లు ఆసుపత్రిలో చేరకుండా వేయించుకునేవి. చాలా పాలసీలు వాటికి ఇవ్వవు. ఆ దారి ఎంచుకుంటే నెలకు ఎంత, ఎన్నాళ్లు అని డాక్టరు దగ్గర ముందే రాయించుకోండి.

గ్రూపు బీమా ఉద్యోగం మానేసిన రోజుతో ఆగిపోతుంది. మీ వారు కంపెనీ మారే ఆలోచనలో ఉంటే, రాజీనామాకు ముందే అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీలోకి మారే వీలు గురించి హెచ్‌ఆర్‌ను అడగాలి.

ఏజెంటు మాట మాత్రం వినవద్దు. ముందే ఉన్న జబ్బుకు నిరీక్షణ కాలం, అంటే దానికి క్లెయిము ఇవ్వని మొదటి గడువు, 2024 నిబంధనలతో గరిష్ఠంగా 36 నెలలకు తగ్గింది. వరుసగా 60 నెలలు ప్రీమియం కట్టాక క్లెయిమును ప్రశ్నించకూడదన్న నియమమూ ఉంది. ఏజెంటు ధైర్యం అదే. కానీ మోసం రుజువైతే ఆ నియమం వర్తించదు. మీ జబ్బు రెండేళ్ల కిందటి స్కానులో ఉంది. రేపు ఏ ఆసుపత్రిలో చేరినా డిశ్చార్జి సమ్మరీ మొదటి వరుసలోనే అది ఎక్కుతుంది. నిజం రాసి దరఖాస్తు చేయండి. ప్రీమియం పెంచవచ్చు, కాలేయ వ్యాధిని మినహాయించవచ్చు, నిరాకరించనూవచ్చు. ఒకరు కాదంటే ఇంకొకరిని అడగండి. మీ దరఖాస్తు తేలేదాకా ఆగకుండా మీ వారికి, పిల్లలకు అందరికీ కలిపి ఒకే బీమా మొత్తం ఉండే వేరే ఫ్లోటర్ పాలసీ వెంటనే తీసుకోండి. మీ వారి పేర కోటి రూపాయల టర్మ్ పాలసీ (జీవిత బీమా) కూడా.

బంగారం చివరి మెట్టు. నిజంగా చికిత్సకే తక్కువ పడితే బ్యాంకులో తాకట్టు పెట్టండి, రూపాయిన్నర గడప మాత్రం తొక్కవద్దు. పీఎఫ్ నుంచి వైద్యానికి అడ్వాన్సు తీసుకునే దారీ ఉంది.

మీరు అడగలేదు కానీ ఒక మాట. ఈ జబ్బు తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. అందుకే రక్తసంబంధీకులు కాలేయ దాతలుగా నిలవాలంటే ముందు వాళ్లకు స్కాన్ తప్పదు. మీకు అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ఉంటే, ఇంకా ఏ లక్షణమూ లేనివాళ్లు సొంత ఆరోగ్య బీమాను వాయిదా వేయకూడదు. కుటుంబ చరిత్ర అడిగిన గడిలో అమ్మ జబ్బు, మీ జబ్బు రెండూ రాయాలి. కడుపు ఉబ్బరమో నొప్పో ఉంటే మాత్రం పాలసీ కోసం ఆగకుండా ముందు డాక్టరు దగ్గరికి వెళ్లమనండి.