ఒబామా తర్వాత ట్రంప్ ఎలా?

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ ఎన్నికలంటే ఇక్కడ మాకు టెన్షన్. ఒబామాను రెండుసార్లు గెలిపించిన దేశం 2016లో ట్రంప్‌ను ఎలా గెలిపించింది? కొన్నాళ్లు లెఫ్ట్, కొన్నాళ్లు రైట్, అంతేనా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అంతే కాదమ్మా. ఏ మార్పూ దానంతటది రాదు, వెనక ఎవరో ఏళ్ల తరబడి పనిచేసి ఉంటారు. ట్రంప్‌ది రైట్ వైపున్న రిపబ్లికన్ పార్టీ, ఒబామాది లెఫ్ట్ వైపున్న డెమోక్రాటిక్ పార్టీ. 1964లో రిపబ్లికన్ అభ్యర్థి బారీ గోల్డ్‌వాటర్ 50 రాష్ట్రాల్లో ఆరే గెలిచారు. రైట్ పనైపోయిందనుకున్నారు చాలామంది. కానీ ఆ ఆరింటిలో అయిదు దక్షిణాదివి, అంతకుముందు డెమోక్రాట్ల కంచుకోటలు. నల్లజాతివారి పౌరహక్కుల చట్టంపై డెమోక్రాట్ అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టింది ఆ ఏడాదే. ఆ కోపం అక్కడి తెల్లవాళ్లను పార్టీ మార్పించింది. గోల్డ్‌వాటర్ కోసం తిరిగిన కార్యకర్తలూ ఓడిపోయామని ఇంట్లో కూర్చోలేదు. ఆయన తరఫున టీవీలో ప్రసంగించిన నటుడు రీగన్ 1980లో ఏకంగా అధ్యక్షుడిగా గెలిచారు.

ఎదుటి పార్టీ కూడా ఒప్పుకున్నప్పుడే ఉద్యమం గెలిచినట్టని నా అభిప్రాయం. డెమోక్రాట్ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1935లో తెచ్చిన వృద్ధుల పెన్షన్‌ను తర్వాత వచ్చిన రిపబ్లికన్ ఐసెన్‌హోవర్ తీసేయలేదు, ఇంకా ఎక్కువమందికి ఇచ్చారు. అలాగే డెమోక్రాట్ క్లింటన్ 1996లో, రిపబ్లికన్లు కోరుకున్న, పేదల సాయానికి కోత పెట్టే చట్టంపై సంతకం చేశారు. మన నెల్లూరు జిల్లాలోనూ చూశాం కదా! దూబగుంట ఆడవాళ్ల సారా పోరాటం ఏ పార్టీ ఆఫీసులోనూ పుట్టలేదు. 1993లో కాంగ్రెస్ ప్రభుత్వం సారాను నిషేధించింది, 1994 ఎన్నికల్లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధానికి మాటిచ్చారు.

ఇక 2016. 2008 సంక్షోభంలో బ్యాంకులను ప్రభుత్వం ఆదుకుంది, లక్షల మంది సామాన్యుల ఇళ్లు మాత్రం పోయాయి. ఆ మంట నుంచే రైట్‌లో 2009లో టీ పార్టీ, లెఫ్ట్‌లో 2011లో ఆక్యుపై వాల్ స్ట్రీట్ అనే ఉద్యమాలు లేచాయి. విదేశీ వాణిజ్య ఒప్పందాలను అటు ట్రంప్, ఇటు డెమోక్రాట్ల టికెట్ కోసం పోటీపడిన లెఫ్ట్ నాయకుడు శాండర్స్ ఇద్దరూ తిట్టారు. ఒబామాకు రెండుసార్లూ ఓటేసిన విస్కాన్సిన్, మిషిగన్, పెన్సిల్వేనియా ఈసారి ట్రంప్‌వైపు వెళ్లాయి. మూడింటిలో కలిపి తేడా 80 వేల ఓట్లు కూడా లేదమ్మా! దేశమంతా లెక్కిస్తే డెమోక్రాట్ అభ్యర్థి హిల్లరీకే 28 లక్షల ఓట్లు ఎక్కువ. అక్కడ రాష్ట్రాలవారీ లెక్కే అధ్యక్షుణ్ని తేలుస్తుంది. కాబట్టి దేశం మొత్తం అటు తిరిగిందనుకోకండి.

మీ అబ్బాయికి అక్కడి పౌరసత్వం వచ్చి ఉంటే అధ్యక్ష ఎన్నికలకు మధ్యలో జరిగే, కాంగ్రెస్ అని పిలిచే అక్కడి పార్లమెంటు ఎన్నికల్లోనూ తప్పకుండా ఓటేయమనండి. 2010లో ఒబామా పార్టీ ప్రతినిధుల సభలో 63 సీట్లు పోగొట్టుకున్నది అలాంటి ఎన్నికల్లోనే.