ఏడొందల చిల్లులు, ఒక్క స్కెచ్: సాఫ్ట్‌వేర్ మొరాయించదా మరి?

ప్రశ్న: స్పీకర్ ముందు పెట్టే గ్రిల్ ఒకటి డిజైన్ చేస్తున్నానండీ. పలక 200 × 120 మి.మీ., మందం 2 మి.మీ. తేనెపట్టులా షడ్భుజాల చిల్లులు కావాలి. ఒక్కోటి ఎదురెదురు భుజాల మధ్య 5 మి.మీ. వెడల్పు, చిల్లుకీ చిల్లుకీ మధ్యలో 1 మి.మీ. గోడ. క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో (కంప్యూటర్‌లో 3డీ డిజైన్లు గీసేది) ఒక షడ్భుజం గీసి, స్కెచ్‌లోనే (చదును గీతల బొమ్మలోనే) ప్యాటర్న్ కొడితే, అంటే వరసగా కాపీలు వేయమంటే, సగం కూడా రాకముందే సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోతోంది. వచ్చినంత వరకైనా సరిగ్గా ఉందా అంటే, గోడలు ఒక వైపు సన్నగా, ఇంకో వైపు లావుగా వస్తున్నాయి. కంప్యూటర్ మార్చాలంటారా?

జవాబు: కంప్యూటర్‌ని వదిలేయండి, దాని తప్పేం లేదు. మీ కొలతల ప్రకారం ఆ పలకలో 770 దాకా చిల్లులు పడతాయి. ఒక్కోదానికి ఆరు గీతలు, అంటే 4,600 పైచిలుకు. వాటి పొడవులు, కోణాలు, ఒకదానితో ఒకటికి ఉన్న సంబంధాలు అన్నీ స్కెచ్ గుర్తుపెట్టుకోవాలి, మీరు ఒక్క కొలత ముట్టుకుంటే చాలు మళ్లీ మొదటి నుంచి లెక్కేసుకోవాలి. బిగుసుకుపోక ఏం చేస్తుంది?

స్కెచ్‌లో ఒక్క షడ్భుజమే ఉంచి, దాంతో ఒక చిల్లు కట్ చేసి, గీతల్ని కాకుండా ఆ కట్‌నే ఫీచర్‌గా (పలక మీద చేసిన ఒక పనిగా) ప్యాటర్న్ చేయండి. చిల్లులన్నీ అచ్చు గుద్దినట్టు ఒకటే కాబట్టి ఆ సంగతి సాఫ్ట్‌వేర్‌కి కూడా చెప్పాలి. మీ క్యాడ్ సాఫ్ట్‌వేర్ ఫ్యూజన్ అయితే కంప్యూట్ దగ్గర ఐడెంటికల్ ఎంచుకోండి, సాలిడ్‌వర్క్స్ అయితే జామెట్రీ ప్యాటర్న్ టిక్ పెట్టండి. అప్పుడు ప్రతి చిల్లునీ కొత్తగా ఆలోచించకుండా మొదటిదాన్నే కాపీ చేసుకుంటూ పోతుంది.

ఇక గోడల సంగతి. మీరు అడ్డానికీ నిలువుకీ రెండింటికీ 6 మి.మీ. దూరమే ఇచ్చి ఉంటారు (5 చిల్లు, 1 గోడ, లెక్క సరిపోయింది కదా అని). దాదాపు అందరూ మొదటిసారి ఇక్కడే పడతారు, నేనూ పడ్డాను. కోణం పైకి, చదును పక్కలకి ఉండేలా షడ్భుజాన్ని పెట్టి, రెండో వరసని 3 మి.మీ. పక్కకి జరిపామనుకోండి. ఆ వరస 6 మి.మీ. పైన కాదు, 6 × 0.866 (3 వర్గమూలంలో సగం), అంటే 5.196 మి.మీ. పైన ఉండాలి. అక్కడ 6 పెడితే అడ్డంగా గోడ 1 మి.మీ. ఉంటుంది గానీ ఏటవాలు గోడలు 1.7 దాకా లావెక్కుతాయి. మీకు కనిపిస్తున్న తేడా అదే.

అన్నిటికంటే సులువైన దారి చెబుతాను. విత్తనంగా, అంటే కాపీలకి మూలంగా, ఒకటి కాదు, రెండు చిల్లులు తీసుకోండి. మొదటిది (0, 0) దగ్గర, రెండోది (3, 5.196) దగ్గర. ఈ జంటని కలిపి అడ్డంగా 6, నిలువుగా 10.392 మి.మీ. చొప్పున ప్యాటర్న్ చేస్తే వరస విడిచి వరస దానంతటదే పక్కకి జరిగి వస్తుంది. అంకెలు చేత్తో కొట్టకుండా 6*sqrt(3) లాంటి ఫార్ములా రాయండి (sqrt అంటే వర్గమూలం). ఖచ్చితత్వం కోసమేం కాదు, ఆ నాలుగో దశాంశాన్ని ఎవరూ కొలవరు. రేపు గోడ 1.5 చేద్దాం అనిపించినప్పుడు ఒక్క అంకె మార్చి ఊరుకోవచ్చు, అందుకు.

అంచుల దగ్గర సగం తెగిన చిల్లుల్ని ఒక్కొక్కటీ ఏరి తీసేస్తూ కూర్చోకండి. ప్యాటర్న్‌ని పలక దాటి బయటికి పోనిచ్చి, ఆ తర్వాత చుట్టూ ఫ్రేమ్‌ని ఎక్స్‌ట్రూడ్ చేసి (గీసిన ఆకారానికి మందం ఇచ్చి) కలిపేస్తే తెగిన ముక్కలు వాటంతటవే పూడిపోతాయి. వరుస మాత్రం మారకూడదు, ముందు చిల్లులు, తర్వాత ఫ్రేమ్.

ప్రశ్న: తీగలతో అల్లిన జాలీ గీయాలి, తీగ 1 మి.మీ., ఒక తీగ నడుమ నుంచి పక్క తీగ నడుమకి దూరం 4 మి.మీ. అన్నీ గీశాక ఒకే బాడీగా (ఒకే ఘన వస్తువుగా) కలపబోతే ఎర్రర్ వస్తోంది. ఎందుకు?

జవాబు: మీరు మరీ కచ్చితంగా గీశారు కాబట్టి! అల్లిన జాలీ అంటే నేతే, పడుగూ పేకా. పేక తీగ ఒక పడుగు మీద నుంచి, తర్వాతి దాని కింద నుంచి పోతుంది. దాని మధ్యరేఖ పైకి అర మిల్లీమీటరు, కిందికి అర మిల్లీమీటరు ఊగుతుంది. అదే చోట పడుగు దానికి ఎదురు దిశలో ఊగుతుంది. అంటే దాటుకునే చోట రెండు మధ్యరేఖల మధ్య సరిగ్గా 1 మి.మీ., తీగ మందమంతే. కాబట్టి రెండు తీగలూ ఒకే ఒక్క బిందువు దగ్గర తాకుతాయి. ఆ బిందువుకి మందం సున్నా, దాన్ని కలపడం చాలా సాఫ్ట్‌వేర్ల వల్ల కాదు. ఊపుని 0.5 నుంచి 0.49కి తగ్గించండి, తీగలు ఒకదాంట్లోకి ఒకటి 0.02 మి.మీ. దిగుతాయి, కలపడం అయిపోతుంది. విడివిడి తీగలుగానే ఉండాలంటే 0.51 చేసి సందు వదలండి.

సైన్ వక్రరేఖ గీసే సదుపాయం లేకపోతే చాపాల్ని ఒకదానికొకటి తగిలించి గీయండి, చూసేవాళ్లకి తేడా తెలియదు. పక్కపక్క తీగలు ఒకటి పైకి ఊగితే ఇంకోటి కిందికి ఊగుతుంది, కాబట్టి ఇక్కడా విత్తనం జంటే. పడుగు రెండు, పేక రెండు గీసి, ఒక్కో జంటని దాని నిడివికి అడ్డంగా 8 మి.మీ. చొప్పున కాపీ చేయండి. ఒక్క తీగనే తీసుకుని 4 చొప్పున కాపీ చేస్తే తీగలన్నీ ఒకేసారి పైకి లేస్తాయి, అది అల్లిక కాదు.

ప్రశ్న: జాలీ ఫైల్ ఎస్‌టీఎల్‌గా (ఆకారాన్ని త్రిభుజాలుగా దాచే, 3డీ ప్రింటింగ్‌కి వాడే ఫైల్ రకం) సేవ్ చేస్తే 50 ఎంబీ దాటింది. తగ్గించే మార్గం?

జవాబు: బైనరీ ఎస్‌టీఎల్‌లో ఒక్కో త్రిభుజానికి 50 బైట్లు, అంటే మీ జాలీలో 10 లక్షల త్రిభుజాలు దాటాయన్నమాట. గుండ్రటి తీగలే దీనికి కారణం. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు రిజల్యూషన్ తగ్గించండి, 1 మి.మీ. తీగ చుట్టూ పన్నెండు ముఖాలుంటే ప్రింట్‌లో ఎవరూ పట్టుకోలేరు. అసలు చదునైన జాలీ 3డీ ప్రింట్ కోసమే అయితే మోడల్ చేయడం కూడా దండగ. ఉత్త పలక ఇచ్చి, స్లైసర్‌లో (మోడల్‌ని పొరలుగా కోసి ప్రింటర్‌కి ఇచ్చే సాఫ్ట్‌వేర్) పై పొరలు సున్నా, కింది పొరలు సున్నా పెట్టి ఇన్‌ఫిల్ (లోపలి నింపుడు) తేనెపట్టు ఎంచుకోండి. లోపల దాక్కునే అల్లికే బయటపడి జాలీ అయిపోతుంది. చిల్లు సైజు మాత్రం మి.మీ.లలో కాదు, ఇన్‌ఫిల్ శాతంతోనే సర్దుకోవాలి.