పనిముట్ల వైద్యం: రంపం మిషను స్టార్ట్ కాకపోతే ముందు ప్లగ్ విప్పండి

మామిడి కోతలు అయిపోయాయి. కొమ్మలు కత్తిరించే పని మొదలైంది. ఏడాదిగా మూలన ఉన్న పెట్రోలు రంపాలు ఒక్కసారిగా బయటికొచ్చాయి. ఈ నెల ఉత్తరాలన్నీ వాటి గురించే. వాటిలో కొన్నిటికి జవాబులు ఇస్తున్నాం. ఇందులో చెప్పినవి చాలావరకు బ్రష్ కట్టరుకూ, తైవాన్ స్ప్రేయరుకూ పనికొస్తాయి. ఇంజను జాతి ఒకటే, పెట్రోలులో ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోక్.

ప్రశ్న: మాది 58 సీసీ రంపం. నిరుడు వాడాక షెడ్డులో పెట్టాం. ఇప్పుడు యాభైసార్లు తాడు లాగినా ఉలుకూ పలుకూ లేదు. ప్లగ్ కొత్తది వేశాం. కార్బరేటర్ మొత్తం మార్చాలని మెకానిక్ అంటున్నాడు. తప్పదా?
– ఒక మామిడి రైతు, నూజివీడు

జవాబు: మార్చక్కర్లేకుండానే బాగయ్యే అవకాశం ఎక్కువ. తాడు లాగడం మాత్రం ఇక ఆపండి. చోక్ వేసి అన్నిసార్లు లాగితే ఉన్న జబ్బుకు ఓవర్‌ఫ్లో (సిలిండర్‌లో పెట్రోలు ఎక్కువైపోవడం) కూడా తోడవుతుంది.

ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలును ఒక తెల్లటి గాజు సీసాలోకి వంపి గంటసేపు కదపకుండా ఉంచండి. ఇప్పుడు మన బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఒక హద్దు దాటాక నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగిపోతాయి. సీసాలో అడుగున వేరే పొర కనబడితే అదే ఇది. మీరు కలిపిన ఆయిల్ పైనున్న పెట్రోలుతోనే ఉండిపోతుంది. ట్యాంకులో ఫిల్టరు ఉండేది అడుగున. అంటే ఇంజను పీల్చేది ఆయిల్ లేని ఆ అడుగు నీటిని. స్టార్ట్ కాకపోతే అదృష్టమే, అయితే మాత్రం పిస్టన్‌కు చేటు. పొర విడకపోయినా, ఘాటు పోయి వార్నిష్ వాసన కొడుతుంటే ఆ పెట్రోలు రంపానికి పనికిరాదు. కలిపిన పెట్రోలు నెల దాటితే వాడకండి.

ట్యాంకును కొత్త మిశ్రమం కొద్దిగా పోసి తొలిచి పారబోసి, తాజాది పోయండి. చోక్ వేసి నాలుగైదుసార్లు మాత్రం లాగి ప్లగ్ విప్పండి. ఇంజనుకు ఏమైందో ప్లగ్ కొన చెబుతుంది. తడిగా, పెట్రోలు వాసనతో ఉంటే పెట్రోలు వస్తోంది, ప్లగ్‌కు వచ్చే కరెంటు సంగతో, కంప్రెషన్ (పిస్టన్ గాలిని లోపల నొక్కిపట్టే బిగువు) సంగతో చూడాలి. ఎండుగా ఉంటే పెట్రోలు సిలిండర్ దాకా రావడం లేదు. మూలన పడున్న రంపాల్లో దాదాపు ఎప్పుడూ ఎండుగానే ఉంటుంది.

దాన్ని ఖాయం చేసుకోవడానికి, ప్లగ్ బొక్కలోంచి ఆయిల్ కలిపిన పెట్రోలు నాలుగు చుక్కలు వేసి, ప్లగ్ బిగించి లాగండి. ఒకటి రెండు సెకన్లు పలికి ఆగిపోయిందా? కరెంటూ కంప్రెషనూ బాగున్నట్టే. లోపం ట్యాంకుకూ సిలిండరుకూ మధ్యలోనే ఉంది.

ఇక వెతకాల్సింది ట్యాంకు నుంచి మొదలుపెట్టి. ఒక తీగ కొనను కొక్కెంలా వంచి, మూత బొక్కలోంచి పైపును పట్టి పైకి లాగండి. చివర ఫిల్టరు ఉంటుంది. నల్లబడినా, జిగురు పట్టినా కొత్తది వేయండి, చవకైనదే. పైపును వేళ్లతో వంచి చూడండి. వంచిన చోట సన్నటి పగుళ్లు కనబడితే అక్కడ పెట్రోలు బదులు గాలి పీలుస్తుంది. పెట్రోలు బల్బు ఉన్న మోడల్ అయితే దాన్ని ఐదారుసార్లు నొక్కండి. నురగలు నురగలుగానే వస్తుంటే ఎక్కడో గాలి దూరుతోంది.

ఇవి బాగుంటే అప్పుడు కార్బరేటర్. బైకు కార్బరేటర్‌లా దీనికి ఫ్లోటూ గిన్నే ఉండవు. రంపాన్ని ఎటు తిప్పినా పనిచేయాలి కదా, అందుకని డయాఫ్రమ్‌లు అనే పల్చటి పొరలే పెట్రోలును లాగి, కొలిచి పంపుతాయి. పాత పెట్రోలు ఎండితే వీటి మీద బంక కడుతుంది, పెట్రోలు దారిని తెరిచి మూసే నీడిల్ అతుక్కుపోతుంది. చుట్టూ దుమ్ము తుడిచి, ఒక పళ్లెంలో తెల్లగుడ్డ పరిచి దాని మీద విప్పండి. స్ప్రింగు చాలా చిన్నది, మట్టిలో పడితే దొరకదు. కిందిమూత నాలుగు స్క్రూలు తీస్తే పెద్ద డయాఫ్రమ్ కనబడుతుంది. వేలితో మెల్లగా నొక్కండి. కోడిగుడ్డు లోపలి పొరలా మెత్తగా కదలాలి. ఎండుటాకులా చిటపటమంటే దాని పని అయిపోయింది. రెండోవైపు మూత కింద పంపు డయాఫ్రమ్, దాని కింద చిన్న జల్లెడ ఉంటాయి. ఆ జల్లెడ మూసుకుపోవడం చాలా సాధారణం.

జల్లెడనూ రంధ్రాలనూ కార్బరేటర్ క్లీనర్ స్ప్రేతో కడగండి. రంధ్రాల్లో సూది, తీగ పెట్టకండి, ఒక్క గీత పడినా పెట్రోలు కొలత మారిపోతుంది. కంప్రెసర్ గాలి గట్టిగా కొట్టినా నాజిల్‌లోని పల్చటి వాల్వు పాడవుతుంది. డయాఫ్రమ్‌లు, గాస్కెట్లు, నీడిల్ కలిపి రిపేర్ కిట్‌గా దొరుకుతాయి. మీ కార్బరేటర్ మీద ఉన్న నంబరు చూపించి కొనండి. పెద్ద డయాఫ్రమ్ వైపు ముందు గాస్కెట్, దాని మీద డయాఫ్రమ్ వేయాలి. ఈ వరస తారుమారు చేసి, బాగు చేసిన రంపాన్ని మళ్లీ పాడు చేసుకునేవాళ్లు ఎందరో. విప్పే ముందే ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. పెట్రోలు కొలతను సరిచేసే, హెచ్, ఎల్ అని రాసి ఉన్న స్క్రూలను తీయాల్సివస్తే ముందు మెల్లగా పూర్తిగా మూస్తూ ఎన్ని చుట్లు తిరిగాయో రాసుకోండి. లెక్క తప్పితే, పూర్తిగా మూసి ఒక్కో చుట్టు తెరవండి. చాలా మోడళ్లకు అది స్టార్ట్ అవడానికి సరిపోతుంది. ఆ పైన మీ మోడల్ పుస్తకంలోని లెక్కకు తేవాలి. హెచ్ స్క్రూ మరీ మూస్తే రేసు బాగా వచ్చినట్టే ఉంటుంది, పిస్టన్ మాత్రం మాడిపోతుంది.

ప్రశ్న: ప్రతిసారీ ప్లగ్ తడిసిపోతోంది. తుడిచి పెడితే మళ్లీ తడి. సుబాబుల్ కోత ఆగిపోయింది.
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: ఓవర్‌ఫ్లో. మిషనులో లోపం లేకుండా, స్టార్ట్ చేసే పద్ధతి వల్లే ఎక్కువసార్లు ఇలా అవుతుంది. చోక్ వేసి లాగినప్పుడు, మూడో నాలుగో లాగులో ఇంజను ఒక్కసారి ‘టుప్’మని పలికి ఆగుతుంది. ఆ చప్పుడు వినబడగానే చోక్ తీసేయాలి. అది వినకుండా చోక్ మీదే లాగుతూ పోతే సిలిండర్ నిండా పెట్రోలే. చుట్టూ వేరే మిషన్లు నడుస్తుంటే ఆ చిన్న చప్పుడు వినబడదు, అందుకే కాస్త పక్కకు తీసుకెళ్లి స్టార్ట్ చేయండి.

ఇప్పుడు చేయాల్సింది: స్విచ్ ఆఫ్ చేసి, ప్లగ్ విప్పి, ప్లగ్ బొక్క నేలవైపు ఉండేలా రంపాన్ని తిప్పి పట్టుకుని పదిసార్లు తాడు లాగండి. లోపలి పెట్రోలు చిమ్ముకుంటూ బయటికొస్తుంది, ముఖం దూరంగా పెట్టండి, దగ్గర్లో బీడీ, పొయ్యి ఉండకూడదు. ప్లగ్‌ను ఆరబెట్టి, కొనల మధ్య సందు 0.5 మి.మీ. ఉందో లేదో చూసి బిగించండి. పెట్రోలు కారిన చోటు నుంచి మూడు మీటర్లైనా జరిగి, స్విచ్ ఆన్ చేసి, చోక్ పూర్తిగా తెరిచి, రేసు పూర్తిగా నొక్కిపట్టి లాగాలి. రేసు మీద పలకగానే గొలుసు తిరగబోతుంది కాబట్టి చైన్ బ్రేక్ ముందుకు తోసి ఉండాలి. పలికిన వెంటనే రేసు వదిలేయండి. రేసు నొక్కిపట్టే మరో మనిషి లేకపోతే, హాఫ్ థ్రాటిల్ స్థానం (రేసు సగంలో నిలిచే చోటు) ఉన్న మోడల్‌లో అది చాలు. రంపం నేల మీదే ఉండాలి, వెనక పిడిలో కుడికాలి బూటు, ముందు పిడి మీద ఎడమ చేయి. గాలిలో వేలాడదీసి లాగకండి.

చోక్ వేయకపోయినా తడుస్తుంటే నీడిల్ మూసుకోవడం లేదన్నమాట, పై జవాబులోలా కార్బరేటర్ విప్పాల్సిందే. ఎయిర్ ఫిల్టరు రంపపు పొట్టుతో కమ్ముకుపోయినా ఇదే లక్షణం. ఫిల్టరు తీసేసి ఒక్కసారి ప్రయత్నిస్తే తెలిసిపోతుంది. ఫిల్టరు లేకుండా కోత మాత్రం కోయకండి.

ప్రశ్న: పొద్దున ఒక్క లాగుకే స్టార్ట్. పావుగంట కోశాక దానంతటదే ఆగిపోతుంది, అరగంట చల్లారితేగాని కదలదు.
– సరుగుడు కోత పనివారు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఆగిన మరుక్షణం, చల్లారకముందే రెండు పరీక్షలు చేయండి. చల్లారాక చేస్తే ఏమీ తెలియదు.

ఒకటి, పెట్రోలు మూతను మెల్లగా వదులు చేయండి. లోపలికి గాలి పీల్చుకున్న ‘సుయ్’ చప్పుడొచ్చి, ఆ తర్వాత స్టార్ట్ అయితే, ట్యాంకుకు గాలి పోయే వెంట్ మూసుకుపోయింది. పెట్రోలు తగ్గేకొద్దీ లోపల ఖాళీ ఏర్పడి ఇంజనుకు అందడం మానేస్తుంది. వెంట్‌ను శుభ్రం చేయండి, లేదా మార్చండి. పెద్ద ఖర్చు కాదు. వేడి ఇంజను మీద మూత తెరిచేటప్పుడు ఆవిరి బయటికి తన్నొచ్చు, జాగ్రత్త.

రెండోది కరెంటు. మూత మళ్లీ బిగించి, ప్లగ్ విప్పి, క్యాప్‌కు తగిలించి, దాని మరను సిలిండర్ లోహానికి ఆనించండి. ప్లగ్ బొక్కకు దూరంగా పెట్టి, బొక్క మీద గుడ్డ కప్పండి. ప్లగ్‌ను ప్లాస్టిక్ పిడి ఉన్న పటకారుతో పట్టుకోండి. స్విచ్ ఆన్‌లో ఉంచి నీడలో లాగించి చూడండి. నీలం రంగులో టపటపా రావాలి. చల్లగా ఉన్నప్పుడు వచ్చి, వేడిలో రాకపోతే ప్లగ్‌కు కరెంటు పంపే కాయిల్ పోతోంది. లోపలి తీగ వేడికి విడిపోయి, చల్లారితే కలుస్తుంది. కాయిల్ కొనే ముందు, స్విచ్ నుంచి కాయిల్‌కు వచ్చే సన్నటి వైరును ఊడదీసి మరోసారి చూడండి. ఆ వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతుంటే స్విచ్ ఆఫ్ చేసినట్టే లెక్క. ఈ వైరు ఊడదీసి ఉంటే స్విచ్‌తో ఇంజను ఆగదు, అందుకే పరీక్ష అవగానే తగిలించాలి.

కొత్త కాయిల్ వేసేటప్పుడు మ్యాగ్నెట్ చక్రానికీ కాయిల్‌కూ మధ్య సుమారు 0.3 మి.మీ. సందు ఉంచాలి. విజిటింగ్ కార్డు ఒకటి మధ్యలో పెట్టి, మ్యాగ్నెట్ కాయిల్‌ను లాక్కున్నాక స్క్రూలు బిగించి, కార్డు లాగేయండి.

ప్రశ్న: లీటరుకు 20 మి.లీ. ఆయిల్ చాలని షాపువాళ్లు, 40 కావాలని మెకానిక్. ఎవరిమాట వినాలి?
– ఒక పాఠకుడు, సత్తుపల్లి

జవాబు: ఆయిల్ సీసా మీద రాసినది చూసి నిర్ణయించాలి. 50కి 1 అని రాసి, రంపం పుస్తకమూ అదే చెబితే లీటరుకు 20 మి.లీ., ఐదు లీటర్లకు 100. పాత స్కూటర్లకు వాడే మామూలు టూటీ ఆయిల్ అయితే 25కి 1, లీటరుకు 40. రెండూ నిజమే, ఆయిల్ వేరు. బైకుల ఇంజన్ ఆయిల్ మాత్రం అస్సలు పోయకండి, అది కాలదు, ప్లగ్ మీద మసి కట్టి మళ్లీ ‘స్టార్ట్ కావట్లేదు’ దగ్గరికే వస్తారు. మూతతో సుమారుగా పోయడం కాకుండా మందుల షాపులో దొరికే సిరంజితో కొలవండి. డబ్బాలో సగం పెట్రోలు, ఆయిల్, మిగతా పెట్రోలు పోసి బాగా కుదపండి.

క్యానులో ఉన్నది కలిపినదో ఉత్తదో అనుమానమొస్తే తెల్లకాగితం మీద ఒక చుక్క వేయండి. ఉత్త పెట్రోలు ఆరిపోయి జాడ ఉండదు. కలిపినదైతే జిడ్డు మరక మిగులుతుంది.

ప్రశ్న: తాడు సగంలోనే బిగుసుకుపోతోంది, ఇంజను తిరగట్లేదు.
– ఒక నర్సరీ యజమానురాలు, కడియం

జవాబు: అమ్మా, బలంగా లాగవద్దు, తాడు తెగుతుంది. ప్లగ్ విప్పి మెల్లగా లాగి చూడండి. పెట్రోలు చిమ్మి తేలిగ్గా తిరిగితే అది ఓవర్‌ఫ్లో మాత్రమే, పైన చెప్పినట్టు ఆరబెట్టండి. ప్లగ్ తీసినా బిగుసుకునే ఉంటే తాడు ఉన్న స్టార్టర్ కవర్ ఊడదీయండి. విడిగా అది బాగా తిరుగుతుంటే పిస్టన్ పట్టేసిందని అర్థం, మెకానిక్ దగ్గరికి పంపండి. కవర్‌లోనే బిగుసుకుంటే తాడు చుట్టుకుపోయి ఉంటుంది. ఆ చక్రం కింద స్ప్రింగు చుట్ట చుట్టి ఉంటుంది, అనుభవం లేకుండా ఎత్తితే ఎగిరి కంటికి తగులుతుంది. ఆ పని మీరు చేయొద్దు.

ప్రశ్న: కరెంటు వస్తోంది. ప్లగ్ తడిగా ఉంది, పెట్రోలు తాజాది. ఓవర్‌ఫ్లో తీసేసినా స్టార్ట్ కాదు. తాడు ఇదివరకటి కంటే తేలిగ్గా వస్తోంది.
– ఒక పాఠకుడు, కొల్లాపూర్

జవాబు: మీ ఆఖరి మాటలోనే జవాబు ఉంది. కంప్రెషన్ పోయింది. స్విచ్ ఆఫ్ చేసి, తాడు పిడి పట్టుకుని రంపాన్ని పైకెత్తండి. బాగున్న ఇంజను కాస్త ఆగుతూ, దశలవారీగా దిగుతుంది. ఆగకుండా జారిపోతే లోపల పట్టు లేదు. కంప్రెషన్ మీటరుతో చూస్తే 150 పీఎస్‌ఐ దగ్గర ఉంటే ఆరోగ్యం, 100 లోపైతే స్టార్ట్ కావడం కష్టం.

సైలెన్సర్ రెండు మూడు బోల్టులతో ఊడుతుంది. లోపల పిస్టన్ కనబడుతుంది, టార్చి వేసి చూడండి. మెరుస్తూ నున్నగా ఉండాలి. నిలువు గీతలు పడి, లోహం పూసినట్టుంటే, అది ఆయిల్ తక్కువైనా, గాలి ఎక్కువై పెట్రోలు తక్కువగా అందినా జరిగేదే. అదే సమయంలో సైలెన్సర్ లోపలి జాలీ కూడా చూడండి, బొగ్గు కట్టి ఉంటే తీగ బ్రష్‌తో తోమండి.

గీతలున్న పిస్టన్‌ను సిలిండర్‌తో కలిపి సెట్టుగానే మార్చాలి. మెకానిక్‌ను ఒక్కటి గట్టిగా అడగండి: క్రాంక్ సీళ్లు (ఇంజను ఇరుసు దగ్గర గాలి దూరకుండా ఆపే రబ్బరు రింగులు), కార్బరేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య రబ్బరు గొట్టం పరీక్షించారా అని. గాలి అక్కడ దూరుతుండగా కొత్త సెట్టు వేస్తే, అదీ కొద్ది రోజుల్లోనే అదే గీతలతో బయటికొస్తుంది.