మేనేజరైతేనే ఎదిగినట్టా?

ప్రశ్న: మా అబ్బాయి పదకొండేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. తోటివాళ్లు మేనేజర్లయ్యారు, వీడు కోడింగే చేస్తానంటాడు. జీతంలో వెనకబడతాడేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, కడప

జవాబు: అమ్మా, మా అనంతపురంలోనూ పెళ్లి సంబంధాల దగ్గర మొదటి ప్రశ్న అదే: "మేనేజరేనా?" ఆ మాట పడలేక నేనూ మేనేజర్నయ్యాను. రోజంతా మీటింగులే. రెండేళ్లకు మళ్లీ ఇంజినీరుగా మారాను. జీతం రూపాయి తగ్గలేదు. జీతాన్ని తేల్చేది పోస్టు పేరు కాదమ్మా, గ్రేడు, అంటే కంపెనీలో మన మెట్టు. ఫేస్‌బుక్ వాళ్ల కంపెనీ మెటాలో ఎం1 గ్రేడు మేనేజరూ, ఈ6 గ్రేడు ఇంజినీరూ ఒకే మెట్టు. జీతం, దాంతోపాటు కంపెనీ ఇచ్చే షేర్లు ఇంచుమించు సమానం. వేరే కంపెనీల పని చేసిపెట్టే చాలా సర్వీసు కంపెనీల్లో మాత్రం పై మెట్లు ఎక్కువగా మేనేజర్లవే. అందుకే "మేనేజర్ ఎప్పుడవుతావు?" అనకండి. "మీ కంపెనీలో నీకన్నా పై గ్రేడులో ఇంజినీర్లు ఉన్నారా?" అని అడగండి.