సున్నాకీ మౌనానికీ తేడా

ప్రశ్న: మా ఇంట్లో లైట్లు, ఏసీ అన్నీ ఫోన్‌తోనే నడుస్తున్నాయి. మా తమ్ముడు ఈమధ్య చిన్న వర్క్‌షాప్ పెట్టాడు. అక్కడి కంప్రెసర్‌కీ, పార్టులు కడిగే నీళ్లు వేడిచేసే ట్యాంకుకీ మా ఇంట్లో ఉన్నలాంటి స్మార్ట్ ప్లగ్గులూ సెన్సార్లే బిగిద్దామన్నాను. వాడి పాత కంపెనీ వాళ్లేమో అవి పనికిరావు, ఇండస్ట్రియల్ రకమే కొనాలంటున్నారట. ఖరీదు చూస్తే ఎన్నో రెట్లు. రెండూ కొలిచేది వేడినే, రెండూ పంపేది నెట్‌వర్క్ మీదే. మరి అంత తేడా ఎందుకు సార్?

జవాబు: కొలవడం వరకూ మీరన్నది నిజమేనండీ. ప్లాంట్లలో విరివిగా వాడే పీటీ 100 అనే ప్లాటినం సెన్సార్ 0 డిగ్రీల దగ్గర 100 ఓములు, 100 డిగ్రీల దగ్గర 138.5 ఓముల విద్యుత్ నిరోధం చూపిస్తుంది. దాన్ని తెచ్చి మీ హాల్లో పెట్టినా అంతే చూపిస్తుంది. అసలు తేడా ఆ కొలత బయల్దేరాక మొదలవుతుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక నైట్ షిఫ్టులో, మా సీనియర్ నన్ను ప్యానెల్ దగ్గరికి తీసుకెళ్లి వాడకంలో లేని ఒక ట్యాంకు లెవెల్ ట్రాన్స్‌మిటర్ (ట్యాంకులో ఎంతుందో కొలిచి కంట్రోల్ రూముకి పంపే పరికరం) తీగ ఊడదీశారు. మీటరు ముల్లు సున్నా కిందికి పడిపోయింది. "ట్యాంకులో ఎంతుందిరా?" అనడిగారు. "ఏమీ లేదు సార్" అన్నాను. "ఏమీ లేదు కాదు, ఏమీ తెలీదు అను" అన్నారు. 30 ఏళ్లు కావస్తోంది, ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే.

ప్లాంట్లలో కొలతను కరెంటుగా మార్చి తీగ మీద పంపే పద్ధతి ఒకటుంది. పాతదే, కానీ ఇప్పటికీ ఎక్కడ చూసినా అదే. ట్యాంకు ఖాళీగా ఉంటే 4 మిల్లీయాంపులు, నిండితే 20. ఖాళీకి సున్నాయే పంపొచ్చు కదా, 4 ఎందుకు? తీగ తెగితే వచ్చేది అసలైన సున్నా కాబట్టి. ఏ కొలతకీ రాని అంకె అది. కంట్రోల్ రూములో ఉన్నవాళ్లకి క్షణాల్లో అలారం మోగుతుంది. పైగా రెండు తీగల రకమైతే ఆ 4 మిల్లీయాంపులతోనే ట్రాన్స్‌మిటర్ తన పని గడుపుకుంటుంది, దానికి వేరే పవర్ తీగ అక్కర్లేదు. తనలోనే ఏదో చెడిందని గ్రహిస్తే కరెంటును కావాలనే 3.6కి దించేస్తుంది, లేదంటే 21కి ఎత్తేస్తుంది. అంటే "నేను చెప్పేది నమ్మకండి" అని కూడా చెప్పగలదన్నమాట. ఎవరు ఆలోచించారో గానీ, నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఇంటి సెన్సార్ల సంగతి వేరు. పరికరాల కొలతలు సరిచూసే మా కేలిబ్రేషన్ గదిలో ఒకసారి ఇంటి రకం టెంపరేచర్ సెన్సార్ పెట్టాం. ఒక శనివారం దాని బ్యాటరీ అయిపోయింది. యాప్‌లో మాత్రం సోమవారం పొద్దుటిదాకా 23.4 డిగ్రీలని పెద్ద అక్షరాల్లో అలాగే ఉంది. ఆఖరి రీడింగ్ ఎప్పటిదో ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో ఉంది, దాన్ని ఎవరూ చూడలేదు. ఆ రెండు రోజుల్లోనే గది ఏసీ ఆగిపోయింది. గదిలో పెట్టిన ప్రామాణిక పరికరాలన్నిటినీ మళ్లీ సరిచూసుకోవాల్సి వచ్చింది. అలాంటి సెన్సార్‌ని అక్కడ పెట్టడం మేం చేసిన తప్పు. ఇంట్లో అయితే రెండు రోజులు గది వేడి తెలియకపోయినా ఎవరికీ నష్టం లేదు, దాన్ని తయారుచేసింది ఆ లెక్కనే.

ఇక మీ తమ్ముడి కంప్రెసర్. ఇక్కడ కాస్త జాగ్రత్తగా చదవండి. మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలుగా తీసుకునే కరెంటుకి ఆరేడు రెట్లు లాగుతుంది. స్మార్ట్ ప్లగ్గులో కరెంటును కలిపి విడదీసే బుల్లి స్విచ్, అంటే రిలే, లైట్లకి సరిపోతుంది గానీ, ఈ దెబ్బలు రోజూ తింటే ఒకనాడు దాని కాంటాక్టులు అతుక్కుపోతాయి. అప్పుడు ఫోన్‌లో మీరు ఆఫ్ నొక్కుతారు, యాప్ ఆఫ్ అనే చూపిస్తుంది, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఫ్యాక్టరీ ప్యానెల్లో మోటారు కోసమే చేసిన కాంటాక్టర్ అనే గట్టి స్విచ్ ఉంటుంది, మోటారు మోతాదు మించి కరెంటు లాగుతుంటే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ కాంటాక్టర్ పక్కనే ఇంకో చిన్న కాంటాక్టు ఉంటుంది. పెద్దది నిజంగా తెరుచుకుందా లేదా అని వెనక్కి కబురు పంపడమే దాని పని. మనం ఇచ్చిన ఆజ్ఞ ఒకటి, జరిగిన పని ఇంకొకటి. యంత్రాలను నడిపే పీఎల్‌సీ అనే చిన్న కంప్యూటర్ ఆ రెండిటినీ పోల్చి చూసుకుంటుంది.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఏం జరుగుతుందో కూడా చూడండి. చాలా స్మార్ట్ ప్లగ్గులు పోయేముందు ఆన్‌లో ఉంటే వచ్చాక మళ్లీ ఆన్ అవుతాయి. ఇంట్లో లైటుకి అది సుఖమే. వర్క్‌షాపులో కరెంటు పోగానే మనిషి ఏం చేస్తాడు? ఎలాగూ ఆగింది కదా అని బెల్టు సర్దడానికి చెయ్యి లోపల పెడతాడు. అందుకే యంత్రాల భద్రతా ప్రమాణాలు కరెంటు తిరిగొచ్చినా యంత్రం దానంతటది కదలకూడదని పట్టుబడతాయి, మనిషి వచ్చి స్టార్ట్ బటన్ నొక్కాల్సిందే. దయచేసి తిరిగే యంత్రం దేనికీ ఇంటి ప్లగ్గు పెట్టనివ్వకండి. ఎమర్జెన్సీ స్టాప్ బటన్ తీగ కూడా నేరుగా కాంటాక్టర్‌ని లాగిపట్టే కాయిల్ దారిలోనే ఉండాలి, వైఫై మీద కాదు.

ట్యాంకు హీటర్‌కీ ఇదే భయం. ఆఫ్ చెయ్యమనే ఆజ్ఞ ఎక్కడో ఉన్న సర్వరు నుంచి రావాలంటే, ఇంటర్నెట్ పోయిన పూట హీటర్ వెలుగుతూనే ఉంటుంది. నీళ్లు ఇగిరిపోయి ఎండిన ట్యాంకులో కాలుతుంది. నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా వేడి మించగానే కోసేసే థర్మోస్టాట్ ఒకటి, నీళ్లు తగ్గితే కోసేసే లెవెల్ స్విచ్ ఒకటి, ఈ రెండూ ముందు పెట్టించండి. ఆ తర్వాత ఫోన్‌లో ఊరికే చూసుకోవడానికి మీ ఇంటి సెన్సార్ ఒకటి పక్కన పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఆఫీసు గది లైట్లకీ అవే చాలు.

వేడీ దుమ్మూ తట్టుకోవడం, తయారీదారు ఎన్నేళ్లు తోడుంటాడన్నది, ఇవీ లెక్కలోకొస్తాయి. మామూలు చిప్పులు 0 నుంచి 70 డిగ్రీల దాకా పనిచేస్తే, ఇండస్ట్రియల్ రకం మైనస్ 40 నుంచి 85 దాకా నిలుస్తాయి. ఇంట్లోని స్మార్ట్ పరికరాలన్నిటినీ కలిపి నడిపే రివాల్వ్ అనే హబ్ సర్వర్లను 2016 మేలో మూసేస్తే, కొన్నవాళ్ల చేతిలో ఉత్త డబ్బా మిగిలింది. ప్లాంటులో పెట్టిన ట్రాన్స్‌మిటర్ 15, 20 ఏళ్లు పనిచెయ్యాలి.

ప్రశ్న: అయితే హ్యాకర్ల నుంచి ఇండస్ట్రియల్ పరికరాలే ఎక్కువ భద్రమా?

జవాబు: కాదండీ, ఈ ఒక్క విషయంలో మావాళ్లు గొప్ప చెప్పుకోవడానికి లేదు. ఇప్పటికీ ఎన్నో ప్లాంట్లలో పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మాడ్‌బస్ అనే భాష 1979లో పుట్టింది. మామూలు మాడ్‌బస్‌లో పాస్‌వర్డ్ అన్న మాటే లేదు, ఎవరు అడిగినా జవాబిస్తుంది, ఎవరు చెప్పినా వింటుంది. తీగ ప్లాంటు గోడ దాటనంతకాలం అది చెల్లింది. అలాంటి దాన్ని తిన్నగా ఇంటర్నెట్‌కి తగిలించడం తలుపులు తీసి పడుకోవడమే. ఇంటి పరికరాల జబ్బు ఇంకోటి: ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డే మార్చకుండా వాడటం. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ అలాంటి కెమెరాలు, డీవీఆర్‌లు, రౌటర్లను లక్షల్లో లోబరుచుకుంది. ఆ అక్టోబర్ 21న, వెబ్‌సైట్ల చిరునామాలు వెతికిపెట్టే డైన్ అనే సంస్థ మీద వాటితో దాడి చేస్తే పెద్దపెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి అందలేదు. మీ తమ్ముడిని యంత్రాల నెట్‌వర్క్, ఆఫీసు వైఫై వేర్వేరుగా పెట్టుకోమనండి. పాస్‌వర్డులు మొదటి రోజే మార్చమనండి.

ప్రశ్న: మంచివే కదా అని ఇండస్ట్రియల్ సెన్సార్లనే ఇంట్లో వాడితే?

జవాబు: అవసరం లేదండీ. ఎక్కువ శాతం వాటికి 24 వోల్టుల డీసీ సప్లయి కావాలి, బిగించడానికి ప్యానెల్ కావాలి, ఏటా కేలిబ్రేషన్ చూసుకోవాలి. ఆ డబ్బుతో మీ తమ్ముడి ట్యాంకుకి లెవెల్ స్విచ్ కొనివ్వండి.